మంచం పక్కన కూర్చున్న మనిషి

ఆసుపత్రిలో ఒక రోగి చేరాడంటే నిజానికి ఇద్దరు చేరినట్టు. మొదటి మనిషికి మంచం ఉంటుంది, కేస్‌షీటు ఉంటుంది, పూటకోసారి వచ్చి చూసే డాక్టరు ఉంటారు. రెండో మనిషికి ఇవేవీ ఉండవు. "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని సిస్టర్ కేకేస్తే లేచి పరుగెత్తేది ఆ రెండో మనిషి. తల్లో, భార్యో, కొడుకో, కోడలో.

విశాఖ కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు పల్లెల నుంచి వస్తారు. వరంగల్ ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వస్తారు. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు దాకా జనం ఉన్నారు. హైదరాబాద్ గాంధీ, ఉస్మానియా, నిలోఫర్, ఎంఎన్‌జే సంగతి చెప్పనే అక్కర్లేదు. వెంట వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ నగరంలో తెలిసిన గడప ఒక్కటీ ఉండదు. రోగి కోలుకునే దాకా వాళ్ళ ఇల్లు ఆ వరండాయే.

సేవ చేయాలనుకునేవాళ్ళు సాధారణంగా రోగి దగ్గరికి వెళ్తారు. పండ్లు పంచుతారు, ఫొటో దిగుతారు, వస్తారు. ఈ అధ్యాయం ఆ పక్కన కూర్చున్న మనిషి గురించి. దీనంతటికీ సూత్రం ఒక్కటే: ఓదార్చడానికి వెళ్ళకండి. వాళ్ళ నెత్తి మీదున్న పనుల్లో ఒకదాన్ని మీరు దించుకోండి. ఓదార్పు దాని వెనకే వస్తుంది.

ముందు వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూడండి

పొద్దున్నే రక్తం ట్యూబులు పట్టుకుని ల్యాబుకు పోవాలి. స్కానింగ్‌కు రాసిస్తే ఎక్కడో ఇంకో బ్లాకు వెతుక్కోవాలి. స్ట్రెచర్ దొరికితే తోసేవాళ్ళు దొరకరు. లోపల లేని మందు బయట కొనుక్కురావాలి. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఏమన్నారో అర్థం చేసుకోవాలి. రోగికి తినిపించాలి, బట్టలు మార్చాలి, మలమూత్రాలు తీయాలి. ఈ మధ్యలో ఊరి నుంచి ఫోన్లు: "ఎట్లుంది? డాక్టరేమన్నడు?" ఇంటి దగ్గర పిల్లలు పక్కింట్లో, గేదె ఎవరి చేతిలోనో, కూలి పోయింది, వడ్డీకి తెచ్చిన డబ్బు కరుగుతోంది.

ఇన్ని పనులున్నా వాళ్ళను ఎక్కువగా కట్టిపడేసేది ఒక భయం. డాక్టరు ఎప్పుడొస్తారో తెలియదు. కదిలితే ఆ క్షణంలోనే వస్తారేమో, ఏదైనా అడుగుతారేమో. అందుకని కదలరు. అన్నం దొరకక కాదు. 2014 నుంచి హైదరాబాద్‌లో ఐదు రూపాయలకే అన్నం పెట్టే కేంద్రాలు నడుస్తున్నాయి. 2022లో తెలంగాణ ప్రభుత్వం నగరంలోని పెద్దాసుపత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసమే ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు ఉన్నాయి. గేటు దగ్గర అన్నం ఉంది, మూడో అంతస్తులో ఆకలి ఉంది. మధ్యలో లేనిది ఒక్క మనిషి, "మీరు తినిరండి, నేను చూస్తుంటాను" అనేవాడు.

మీరు దించుకోగల పనులు

మొదటిది, కాపలా. అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా విలువైనది ఇదే. రెండు గంటలు మీరు మంచం పక్కన కూర్చుంటే వాళ్ళు స్నానం చేసి, తిని, ఒక కునుకు తీసి వస్తారు. దీనికి చదువు అక్కర్లేదు గానీ పద్ధతి కావాలి. వాళ్ళు వెళ్ళేముందు ఫోన్ నంబరు తీసుకోండి, ఎన్నింటికి వస్తారో అడగండి, డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు "వీళ్ళు వచ్చేదాకా నేను ఉంటాను" అని చెప్పండి. డాక్టరు వస్తే వెంటనే ఫోన్ చేయండి. సెలైన్ అయిపోతోందా? సిస్టర్‌ను పిలవండి, మీరు ముట్టుకోవద్దు. రోగి మంచినీళ్ళు అడిగినా సరే సిస్టర్‌ను అడిగాకే ఇవ్వండి. ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉండాలి. జాలిపడి పోసిన గ్లాసుడు నీళ్ళతో ఆపరేషన్ వాయిదా పడవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు.

రెండోది, కాగితాలు. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ పేద కుటుంబానికి పెద్ద ఆసరా. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో 2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కింద 2024 నుంచి డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా కార్డు ఇస్తున్నారు. ఇవన్నీ ఉన్నాయని తెలియడం వేరు, వాటిని వాడుకోవడం వేరు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటే అక్కడే ఆగిపోతుంది. మీరు చేయాల్సిందల్లా వాళ్ళను ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర కౌంటరు దాకా తీసుకెళ్ళడం, ఏ జిరాక్సులు కావాలో రాసుకోవడం, తెచ్చిపెట్టడం. వైద్యానికి ప్రయాణించే క్యాన్సర్ రోగితో పాటు వెంట వెళ్ళే ఒక మనిషికి కూడా రైలు చార్జీలో రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం తగ్గింపు. దానికి డాక్టరు సంతకం చేసిన ఫారం కావాలి. ఆ ఒక్క ముక్క చెప్పి, ఆ ఫారం మీద సంతకం పెట్టించి ఇస్తే నెలనెలా హైదరాబాద్ వచ్చే కుటుంబానికి ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

మూడోది, నోటుపుస్తకం. వంద పేజీల నోటుపుస్తకం, పెన్ను కొనివ్వండి. రోజూ తేదీ వేసి నాలుగు విషయాలు రాయడం నేర్పండి: ఏ డాక్టరు చూశారు, ఏమన్నారు, ఏ పరీక్షలు రాశారు, ఎంత ఖర్చయింది. రౌండ్స్‌లో డాక్టరు మంచం దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే. తెల్లకోటు చూడగానే అడగాల్సింది మరిచిపోవడం సహజం. అందుకని ముందు రాత్రే మూడు ప్రశ్నలు రాసిపెట్టుకోమనండి: "ఇవాళ ఎలా ఉందండీ? రేపు ఏం చేస్తారు? మేమేం చేయాలి?" చదువు రానివాళ్ళయితే మీరు రాయండి. డిశ్చార్జి రోజు ఈ పని రెట్టింపు ముఖ్యం. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి, ఏది తిన్నాక, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి, ఏ లక్షణం కనబడితే ఆగకుండా పరుగెత్తుకు రావాలి అనేవి ఫార్మసీలోనో సిస్టర్ దగ్గరో అడిగి తెలుగులో రాయించండి. అక్షరాలు రానివాళ్ళకు మాత్ర అట్ట మీద సూర్యుడో చంద్రుడో బొమ్మ వేసినా చాలు.

నాలుగోది, రక్తం. "రెండు యూనిట్లు కావాలి, డోనర్లను తెచ్చుకోండి" అనగానే పల్లెటూరి మనిషి గుండె జారుతుంది. ఇక్కడే బ్రోకర్లు కనిపెట్టుకుని ఉంటారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 1998 నుంచి మన దేశంలో డబ్బు తీసుకుని రక్తం అమ్మడం నిషేధం. మీరు చేయగలిగింది ముందే జాబితా సిద్ధంగా ఉంచుకోవడం. మీ ఆఫీసులో, కాలేజీలో, కాలనీలో గ్రూపులవారీగా పేర్లు రాసుకోండి. 18 నుంచి 65 ఏళ్ళ లోపు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు మళ్ళీ ఇవ్వవచ్చు. ఎవరు ఎప్పుడు ఇచ్చారో పక్కన తేదీ వేయండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, అందుకే డెంగీ రోజుల్లో ఆ జాబితాకు బంగారమంత విలువ.

ఐదోది, ఫోన్లు. ఇది కార్పొరేట్ ఆసుపత్రిలో ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకు మరీ అవసరం. డల్లాస్‌లో కొడుకు, సిడ్నీలో కూతురు, విజయవాడలో పెదనాన్న, అందరిదీ ప్రేమే. అందరికీ అదే సంగతి పదిసార్లు చెప్పేసరికి అక్కడున్న కోడలి నోరు ఎండిపోతుంది. కుటుంబంలో దూరంగా ఉన్న ఒకరిని ఫోన్ల పెద్దగా పెట్టమని సూచించండి. రోజూ రాత్రి ఎనిమిదింటికి వార్డులో ఉన్నవాళ్ళు ఆ ఒక్కరికే చెబుతారు, మిగతావాళ్ళందరికీ ఆ ఒక్కరే చెబుతారు. విదేశాల్లో ఉండి "నేనేం చేయలేకపోతున్నాను" అని బాధపడే బిడ్డకు ఇంతకన్నా మంచి పని లేదు.

ఆరోది, ఊళ్ళో మిగిలిపోయిన ఇల్లు. మీరు ఆసుపత్రికి వెళ్ళలేకపోయినా ఈ పని చేయవచ్చు. పిల్లల్ని బడికి పంపడం, గేదెకు నీళ్ళు పెట్టడం, మడికి నీళ్ళు తిప్పడం, పెన్షన్ రోజున ముసలామెను తీసుకెళ్ళడం. ఆసుపత్రిలో ఉన్న మనిషికి సగం దిగులు అక్కడే ఉంటుంది.

ఏమనాలి, ఏమనకూడదు

"ఏం భయం లేదక్కా, తగ్గిపోతుంది." ఈ మాట మంచి మనసుతోనే వస్తుంది. కానీ తగ్గుతుందని మీకెలా తెలుసు? రేపు తగ్గకపోతే ఆమె మీ ముఖం ఎలా చూస్తుంది? "మా బాబాయికీ ఇదే జబ్బు..." అని మొదలుపెట్టి ఆ కథ ఎటు పోతుందో మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. అన్నిటికన్నా పాపపు మాట "ఇంత ఆలస్యంగా తెచ్చారేం?" అనేది. ఆ ప్రశ్న వాళ్ళను వాళ్ళే రోజుకు వందసార్లు వేసుకుంటున్నారు.

"ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అనేది మర్యాద మాట. మన ఇళ్ళలో మొహమాటం కొద్దీ ఎవరూ చెప్పరు. కాబట్టి అడగడంలోనే పని చూపించండి. మొదటిసారి కలిసినప్పుడు ఇలా మొదలుపెట్టవచ్చు:

"అమ్మా, నమస్తే. ప్రతి మంగళవారం మేం ఈ వార్డుకు వస్తుంటాం. సూపరింటెండెంట్ గారు పర్మిషన్ ఇచ్చారు, ఇదుగో కార్డు. డబ్బులేం అక్కర్లేదు. నేనిక్కడ కూర్చుంటాను, మీరు స్నానం చేసొస్తారా, లేక కాసేపు పడుకుంటారా?"

"వద్దు బాబూ, డాక్టరొస్తే?"

"వస్తే ఫోన్ చేస్తానమ్మా. మీ నంబరు చెప్పండి."

"డబ్బులేం అక్కర్లేదు" అన్న మాట మరిచిపోకండి. ఆసుపత్రి వరండాలో తెలియని మనిషి నవ్వుతూ వచ్చాడంటే ఏజెంటేమో అని అనుమానించడం వాళ్ళ తప్పు కాదు. మొదటి రోజు ఒప్పుకోకపోతే నొచ్చుకోకుండా వచ్చేయండి. రెండో వారం మిమ్మల్ని మళ్ళీ చూస్తే ఆమే పిలుస్తుంది.

ఏడుస్తుంటే ఏడవనివ్వండి. పక్కన కూర్చోండి. పెద్దావిడయితే, మీరు ఆడవాళ్ళయితే, చేయి పట్టుకోండి. మాట వెతుక్కోనవసరం లేదు.

దాటకూడని గీతలు

వైద్య సలహా ఇవ్వకండి. "ఆ మందు ఆపేయండి", "మా ఊళ్ళో పసరు పోస్తారు", "ఇక్కడ లాభం లేదు, ఫలానా ఆసుపత్రికి మార్చండి" అనే మాటలు నోట రాకూడదు. రోగి ఫొటో తీయకండి, జబ్బు పేరు బయట చెప్పకండి. మీ దేవుణ్ణి వాళ్ళ మీద రుద్దకండి. డబ్బు చేతికివ్వకండి. ఇవ్వాలనుకుంటే మందుల కౌంటరులో కట్టి రసీదు వాళ్ళకివ్వండి. బయటి వంట వార్డులోకి తెచ్చేముందు సిస్టర్‌ను అడగండి. షుగరు, కిడ్నీ రోగుల ఆహారం వేరుగా ఉంటుంది.

దగ్గు, జలుబు, జ్వరం ఉన్న రోజు వెళ్ళకండి. వార్డులోకి వెళ్ళేముందు, వచ్చాక, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కోండి. తరచుగా వెళ్ళదలచుకుంటే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోండి. ఆడవాళ్ళ వార్డుకు ఆడవాళ్ళే వెళ్ళాలి. రాత్రిపూట ఒంటరిగా ఉన్న మహిళా అటెండెంట్ల దగ్గరికి మగ వాలంటీర్లు వెళ్ళే పద్ధతే పెట్టుకోవద్దు.

రోగి సంరక్షణ నేర్పాలని ఉంటే ముందు మీరు నేర్చుకోండి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే పుండ్లు పడకుండా ఉంటాయన్నది నిజమే. కానీ వెన్నెముకకు దెబ్బ తగిలిన మనిషిని తెలియక తిప్పితే ప్రమాదం. అందుకే ఇలాంటివి నర్సుల ద్వారానే జరగాలి. నూరా హెల్త్ అనే సంస్థ మన దేశంలో ఆసుపత్రి నర్సులకు శిక్షణ ఇచ్చి, వాళ్ళ చేత వార్డుల్లోనే కుటుంబ సభ్యులకు క్లాసులు చెప్పిస్తోంది. మీ పాత్ర ఆ క్లాసు జరిగే వేళకు అటెండెంట్లను అక్కడికి చేర్చడం, వాళ్ళ మంచాల దగ్గర కాపలా ఉండటం.

మొదలుపెట్టడం ఎలా

ఒక ఆసుపత్రి, ఒక వార్డు, వారంలో ఒక మధ్యాహ్నం, నలుగురు మనుషులు. ఇంతకు మించి మొదట్లో ఏమీ వద్దు. సూపరింటెండెంట్‌కు ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏం చేస్తారో, ఏం చేయరో రెండూ రాయండి. "ఏం చేయరో" అన్న భాగం చూశాకే ఆయనకు ధైర్యం వస్తుంది. ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారిని కలవండి, వార్డు హెడ్ సిస్టర్‌ను కలవండి. ఆమెకు ఇష్టం లేకుండా ఆ వార్డులో ఏదీ జరగదు. ఇద్దరిద్దరుగా వెళ్ళండి, వచ్చాక పది నిమిషాలు కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకోండి.

ఇది ఎంత దూరం పోగలదో తెలియాలంటే కేరళ చూడండి. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, మరికొందరు కలిసి క్యాన్సర్ నొప్పితో బాధపడేవాళ్ళ కోసం ఒక సొసైటీ మొదలుపెట్టారు. క్రమంగా ఆ పని డాక్టర్ల చేతుల్లోంచి వీధుల్లోకి వచ్చింది. మామూలు మనుషులు శిక్షణ తీసుకుని, తమ వాడలో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం, ఆ కుటుంబానికి బియ్యమో పిల్లల ఫీజో చూడటం మొదలైంది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని ఒక విధానంగా ప్రకటించింది. మన హైదరాబాద్‌లోనూ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ ఆధ్వర్యంలో నొప్పి నివారణ సేవ నడుస్తోంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ స్థాపించిన స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి చివరి దశలో ఉన్నవాళ్ళను, వాళ్ళ కుటుంబాలను ఉచితంగా చూసుకుంటోంది. కొత్తగా సంస్థ పెట్టే ముందు ఇలాంటి చోటికి వెళ్ళి, కొన్నాళ్ళు వాళ్ళ కింద పనిచేసి నేర్చుకోవడం మంచిది.

మీరు చూసుకున్న మంచం ఒక రోజు ఖాళీగా కనిపిస్తుంది. ఆ రోజు కూడా పని ఉంటుంది. మృతదేహాన్ని ఇంటికి చేర్చే ఉచిత వాహనాలు రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటాయి. ఎవరిని అడగాలో మీకు ముందే తెలిసి ఉండాలి. మరణం 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రి రికార్డులో పేరు, తండ్రి పేరు, ఊరు సరిగ్గా పడ్డాయో లేదో అప్పుడే చూసుకుంటే ఆ కుటుంబం తర్వాత సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగదు. ఆ సాయంత్రం మీ గుండె బరువెక్కితే మీ జట్టువాళ్ళతో చెప్పుకోండి. నిద్ర పట్టని రాత్రులు ఎక్కువైతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ లైను, తెలుగులో మాట్లాడతారు. అటెండెంట్లకు కూడా ఆ నంబరు ఇవ్వండి.

ఈ వారం చేయవలసినవి

1. మీ వీధిలో, ఆఫీసులో, బంధువుల్లో ఇప్పుడు ఎవరైనా ఆసుపత్రిలో మనిషిని చూసుకుంటున్నారా? ఒక పేరు రాయండి.

2. పైన చెప్పిన ఆరు పనుల్లో ఆ మనిషికి ఏది పనికొస్తుందో ఒక్కటే ఎంచుకోండి.

3. "సాయం కావాలా?" అని అడగకుండా, "రేపు సాయంత్రం నాలుగింటికి వస్తాను, ఆరింటిదాకా నేనుంటాను" అని రోజు, టైము చెప్పండి. చెప్పిన టైముకు వెళ్ళండి.

4. రక్తదాతల జాబితాలో పది పేర్లు రాయండి. మొదటి పేరు మీదే ఉండాలి.

5. మీ ఊరి పెద్దాసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు, బ్లడ్ బ్యాంకు, ఐదు రూపాయల భోజనం ఎక్కడున్నాయో ఒకసారి నడిచి చూసిరండి.

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ అధ్యాయం చదివి బాగుందనుకోవడం మాటే. మీరు పైన రాసిన ఆ ఒక్క పేరుకు, పుస్తకం మూసి పక్కన పెట్టాక, ఫోన్ చేయండి.